తోడేలు కూన, 48 గంటలు

ఈసారి పంట సంగతి కాదు. నేను చేయబోయిన తప్పు ఒకటి చెప్పుకుంటా.

పోయిన చలికాలం మా చిన్నాయన కొడుకు గుట్ట కింద గొర్రెలు మేపుతా, బొరియ దగ్గర దొరికిన తోడేలు కూనను దుప్పట్లో చుట్టి తెచ్చినాడు. "అన్నా, దీన్ని పెంచి మన ఆడకుక్కకు దాటిద్దాం. పుట్టేవి మందకు కాపలా ఉంటే ఇంక ఏ తోడేలూ రాదు" అన్నాడు. అబద్ధమెందుకు, నాకూ బాగానే అనిపించింది. ఆ ముందు నెలలోనే నావి రెండు గొర్రెపిల్లలు పోయినాయి. మేకపాలు పట్టి, గంప కింద మూసిపెట్టినాం.

మర్నాడు సాయంత్రం కూన పాలు తాగక మూలుగుతుంటే పశువుల డాక్టరుకు ఫోన్ చేసినా. ఆయన పాల సంగతి పక్కనపెట్టి "ఎప్పుడు తెచ్చినారు?" అన్నాడు. నిన్న పొద్దున అన్నా. "అయితే రేపు పొద్దుటి దాకే టైం ఉంది" అన్నాడు. నా కాళ్లల్లో వణుకు పుట్టింది.

సంగతేందంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు షెడ్యూల్ 1లో ఉంది, పులి ఉన్న వరసలోనే. చంపడం, విషం పెట్టడమే కాదు, పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అట్లాంటి జంతువు మన చేతికొస్తే అది సర్కారు ఆస్తి. 48 గంటల్లో పోలీస్ స్టేషన్లో గానీ ఫారెస్టు అధికారికి గానీ చెప్పాల.

"మరి కుక్కతో కలిపిన పిల్లలైతే?" అని తమ్ముడు వాదన. ఒరే, కలపాలంటే ముందు తోడేలును కట్టేసుకోవాల గదా, నేరం అక్కడే అయిపాయె. 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖలో ప్రమాదకరమైన 23 రకాల కుక్కల్లో తోడేలు కుక్కలనూ చేర్చింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. అది చూసి పెంచుకోవచ్చు అనుకునేరు. కోర్టు కొట్టేసింది లేఖను, 1972 చట్టాన్ని కాదు.

ఆ రాత్రే బండి మీద రేంజి ఆఫీసుకు పోయినాం. తిట్టినారు, రాయించుకున్నారు, కూనను తీసుకున్నారు. మర్నాడు బొరియ దగ్గరే వదిలినామన్నారు. తల్లి వచ్చిందో లేదో మేం చూడలే. తమ్ముడు మాత్రం వారం దినాలు నాతో మాట్లాడలే.

మీ పక్క గొర్రెలు మేపే పిల్లోళ్లు ఉంటే ఇది చదివి వినిపించండి.