కదలని ముల్లు

వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తిన రోజుల్లో నా బరువు తగ్గింది. 40 కిలోమీటర్లు పరుగెత్తుతున్న ఇప్పుడు తగ్గడం మానేసింది. 84 కిలోల దగ్గర మొదలైనవాణ్ణి నాలుగు నెలల్లో 76కు వచ్చాను. ఆ తరువాత ఏడు వారాలుగా తూకపు యంత్రం ముల్లు అక్కడే నిలిచి ఉన్నది. శ్రమ రెట్టింపైతే ఫలితం సున్నా కావడమేమిటన్న ప్రశ్న దూరపు పరుగుకు సిద్ధమయ్యేవారిలో చాలామందికి ఎదురయ్యేదే. దాని గురించి చదివి, కొంత అనుభవించి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

నేనుండేది పీర్జాదిగూడలో. తెల్లవారుజామున వరంగల్ రహదారి మీద లారీల రద్దీ పెరగకముందే ఉప్పల్ వైపు బయలుదేరుతాను. మూసీ ఒడ్డున పశువుల మేతకోసం పెంచే పచ్చగడ్డి మళ్ళ మీదుగా వచ్చే గాలిలో నది వాసన కలిసి ఉంటుంది. ఆదివారాలు హబ్సిగూడ, తార్నాక దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్ల నీడ దాకా వెళతాను. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టులో జరుగుతుంది. అందులో 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్ పూర్తి చేయాలని నా కోరిక. ఆ కోరిక వెనుక ఒక భయమూ ఉన్నది. మా నాన్నగారికి 45వ ఏట మధుమేహం వచ్చింది. నాకిప్పుడు 43. అందువల్ల ఆగిపోయిన ఆ అంకెను తేలికగా తీసుకోలేకపోయాను.

బరువు నిలిచిపోవడానికి మొదటి కారణం మామూలు కూడికలు, తీసివేతలే. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు 1 కెలోరీ ఖర్చవుతుంది. 84 కిలోల మనిషికి 10 కిలోమీటర్లకు 840 కెలోరీలు పడితే, 76 కిలోల మనిషికి 760 చాలు. తేలికైన దేహానికి విశ్రాంతిలోనూ తక్కువ ఇంధనమే సరిపోతుంది. అంటే తగ్గిన బరువే, ఇకముందు తగ్గవలసిన బరువుకు అడ్డు పడుతుంది.

రెండవ కారణం ఇంకా ఆసక్తికరమైనది. 2015లో కొందరు పరుగువీరులు అమెరికాలో లాస్ ఏంజెలెస్ నుండి వాషింగ్టన్ దాకా, వారానికి ఆరు మారథాన్ల చొప్పున దాదాపు 140 రోజులు పరుగెత్తారు. వారి శక్తి వ్యయాన్ని కొలిచిన శాస్త్రజ్ఞులు 2019లో ఫలితాలు ప్రచురించారు. చివరి రోజుల్లో వారి దేహాలు, లెక్కప్రకారం కావలసినదానికన్నా రోజుకు సుమారు 600 కెలోరీలు తక్కువగా ఖర్చు చేశాయి. జీతం పెరగని నెలలో ఒక ఖర్చు మీద పడితే ఇల్లాలు మరొకటి కుదించి ఇల్లు నెట్టుకొస్తుంది కదా, దేహం చేసేదీ అదే. మనకు తెలియకుండానే మిగతా రోజంతా మన కదలికలనూ తగ్గిస్తుంది. ఆదివారం 16 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చి, మధ్యాహ్నమంతా పడకకుర్చీ వదలని రోజులు నాకు బాగా తెలుసు.

మూడవది నీరు. కండరాలు గ్లైకోజెన్ రూపంలో ఇంధనం దాచుకుంటాయి. దాని ప్రతి గ్రాముతోనూ సుమారు 3 గ్రాముల నీరు నిలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఈ నిల్వ పెరుగుతుంది. లోపల కొవ్వు కరుగుతున్నా ముల్లు కదలకపోవడానికి ఇదొక కారణం.

ఈ దశలో అందరూ చెప్పే మాట ఒక్కటే: “రాత్రి భోజనం మానెయ్యి.” వినడానికి సులువుగానే ఉంటుంది. అయితే 1944, 45లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు అర్ధాహారం పెట్టి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించాడు. వారి బరువు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటే నాడి మందగించింది, ఒళ్ళు చల్లబడింది, ధ్యాసంతా తిండి మీదికే పోయింది. అంత దూరం పోనక్కరలేదు. మా పరుగు జట్టులో ఒక మిత్రుడు ఒంటిపూట భోజనంతో దూరం పెంచుకుంటూ పోయాడు. బరువు తగ్గింది, రెండు నెలలకు మోకాలి కింది ఎముకలో సన్నని చీలిక వచ్చింది. ఇప్పుడతడు పందెం రోజున దారి పక్కన నిలబడి మాకు నీళ్ళు అందించడానికి వస్తానంటున్నాడు.

నేను పరుగెత్తే దారిలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. 2024లో వెలువరించిన మార్గదర్శకాల్లో, కెలోరీలలో 45 శాతానికి మించి ధాన్యాల నుండి రాకూడదనీ, పప్పులు, మాంసం వంటివాటి నుండి 15 శాతం దాకా రావచ్చుననీ చెప్పింది. మన కంచం సంగతి తెలిసిందే: అన్నం గుట్ట, పప్పు దాని మీద పలుచని పూత. నేను భోజనం మానలేదు. అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు గట్టిగా వండించుకుని, ఉదయం రెండు గుడ్లు చేర్చాను. రాత్రి పదింటికల్లా పడుకుంటున్నాను.

ముల్లు ఇంకా కదలలేదు. కానీ ఈ ఏడు వారాల్లో నడుము చుట్టుకొలత 95 సెంటీమీటర్ల నుండి 92కు వచ్చింది. భారతీయ పురుషులకు 90 దాటకూడదంటారు వైద్యులు. ఒకే బరువున్నా మన దేహాల్లో కొవ్వు ఎక్కువనీ, పొట్టలో చేరిన కొవ్వుకూ మధుమేహానికీ దగ్గరి సంబంధమనీ తెలిశాక, నాన్నగారిని తలచుకుని నేను భయపడవలసిన అంకె ఏదో స్పష్టమయింది.

పందెం అయ్యేదాకా తిండి మరింత తగ్గించదలచుకోలేదు. సెప్టెంబరులో వారపు దూరం తగ్గాక, మిగిలిన కిలోల సంగతి నెమ్మదిగా చూడవచ్చు. ఇదే మెట్టు మీద నిలిచిన చదువరులెవరైనా ఉంటే, రేపు తూకపు యంత్రం ఎక్కే ముందు టేపుతో ఒకసారి నడుము కొలవండి. ఈ వారం ఎంత తిన్నారో, ఎంతసేపు నిద్రపోయారో గుర్తు తెచ్చుకోండి. భోజనం మానాలో వద్దో ఆ తరువాత నిర్ణయించుకోవచ్చు.