ఖోర్ ఫక్కాన్‌లో పచ్చనీళ్లు

"అయ్యో, డ్రైనేజీ నీళ్లు వదిలినట్టున్నారండీ. ముందు పిల్లల్ని బయటికి పిలవండి" అంది మాతో వచ్చిన అక్క.

పోయినేడాది ఫిబ్రవరి సంగతి ఇది. షార్జా నుంచి నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి ఖోర్ ఫక్కాన్ వెళ్లాం. 2019లో కొత్త రోడ్డు వచ్చాక ఇది గంట ప్రయాణం. హజర్ కొండల్ని తొలిచి వేసిన సొరంగాల్లో మా పిల్లలు ఊపిరి బిగబట్టి పందెం కాస్తారు. పొడవైన సొరంగం రెండున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుంది, అక్కడ అందరూ ఓడిపోతారు. దారిలో కరక్ చాయ్, డిక్కీలో పులిహోర, పెరుగన్నం, చల్లమిరపకాయలు. ఒడ్డున చాపలు పరిచి చూద్దుము కదా, ఎప్పుడూ నీలంగా ఉండే నీళ్లు పల్చటి పాలకూర పప్పులా పచ్చగా ఉన్నాయి.

చెప్పులు విప్పి దిగి, దోసిట్లోకి కాసిని నీళ్లు తీసుకుని ఎండకి పట్టి చూశాను. ఆవగింజలో సగం కూడా లేని గుండ్రటి గాజుపూసలు వందల కొద్దీ తేలుతున్నాయి. "డ్రైనేజీ కాదక్కా, ఇది నోక్టిల్యూకా" అన్నాను.

నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. పదమూడేళ్లుగా నేను పలకని పేరు అది. మా వారు పులిహోర ప్లేటు పట్టుకుని అలాగే చూస్తున్నారు. మా అమ్మాయి, దానికి తొమ్మిదేళ్లు, అడిగింది: "అమ్మా, నీకెలా తెలుసు?"

"నేను బీఎస్సీ జువాలజీ చదివాను కదే."

"నిజంగానా? మరి స్కూల్ ఫామ్‌లో హౌస్‌వైఫ్ అనే రాస్తావు?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పిల్లల్ని మాత్రం బయటికే పిలిచాం. నోక్టిల్యూకా కుట్టదు, కరవదు కానీ అంత దట్టంగా పెరిగినచోట నీటిలో అమ్మోనియా చేరుతుంది, కళ్లూ చర్మమూ మండొచ్చు. నీళ్ల రంగు మారితే, అది పచ్చన కానీ ఎరుపు కానీ గోధుమరంగు కానీ, పేరు తెలిసినా తెలియకపోయినా ఆ రోజుకి ఇసుకలోనే ఆడించడం మంచిది.

అసలు సంగతి చీకటి పడ్డాక మొదలైంది. దీపాలకు దూరంగా బీచ్ చివరికి నడిచాం. అల విరిగినచోటల్లా నీలం వెలుగు. మా అమ్మాయి తడి ఇసుక మీద అడుగు వేస్తే అడుగు చుట్టూ మెరుపు. నీళ్లు కదిలితే ఆ గాజుపూసలు వెలుగుతాయి. లాటిన్‌లో నోక్టిల్యూకా అంటే రాత్రి వెలిగేది అనే. ఇది ఒకే కణం. పక్కనున్న చిన్న జీవుల్ని మింగి బతుకుతుంది. అరేబియా సముద్రంలోని రకం మరీ గడుసుది, పచ్చటి నాచు కణాల్ని మింగకుండా తన ఒంట్లోనే పెంచుకుంటుంది. ఆ పచ్చదనం వాటిదే. ఎండ ఉంటే ఇంట్లోనే వంట, లేకపోతే బయట తిండి అన్నమాట. మొక్క అనాలో జంతువు అనాలో తేలని ఇలాంటి ప్రాణిని చూస్తే మా పరీక్షల్లో "వర్గీకరించుము" అని అడిగేవాళ్ల మీద ఇప్పుడు జాలేస్తుంది.

ఆ నీళ్లు ఒక బాటిల్లో ఇంటికి తెచ్చాను. మా అమ్మాయి పుట్టినరోజుకి వచ్చిన బొమ్మ మైక్రోస్కోపు డబ్బాలోంచి తీశాం. దాన్ని కింద పెట్టేసరికి రాత్రి రెండున్నర.

నేను చదివింది విశాఖపట్నంలో. మూడో ఏడాది మా మేడం మమ్మల్ని లాసన్స్ బే కి తీసుకెళ్లి, గరాటులా ఉండే సన్నటి వలతో నీళ్లు వడకట్టించారు. వల చివరి సీసాలో అడుగున మడ్డిలా కాస్త చేరింది. ఇదేనా అనుకున్నాం. మైక్రోస్కోపు కింద ఆ మడ్డి అంతా ప్రాణంతో గిలగిల్లాడింది. వీటినే మన ఇంటర్ పుస్తకాల్లో జంతు ప్లవకాలు అంటారు, నీటికి ఎదురీదలేక దానితోపాటు కొట్టుకుపోయే చిన్న జీవులు. ఎక్కువగా కనిపించేవి కోపిపాడ్లు. రొయ్యకి దూరపు చుట్టాలు, బియ్యపుగింజలో పదో వంతు ఉంటాయి. పీతల పిల్లలు, రొయ్యల పిల్లలు, చేపగుడ్లు, ఆల్చిప్పల పిల్లలు కూడా పుట్టిన కొత్తలో ఈ గుంపులోనే తిరుగుతాయి. జెల్లీ ఫిష్ అంత పెద్దదైనా లెక్క ప్రకారం ఇందులోదే.

1950లలో ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ విభాగంలో పి.ఎన్. గణపతి గారూ ఆయన శిష్యులూ ఆ లాసన్స్ బే నీళ్లనే వడకట్టి, ఏ కాలంలో ఏ ప్లవకం వస్తుందో రాసిపెట్టారు. అదే రోజుల్లో అమెరికా నుంచి వచ్చిన ఇ.సి. లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త అక్కడ పనిచేశారు. ఎండాకాలం ముందు గాలి తీరం నీటిని లోపలికి నెడితే, అడుగునుంచి చల్లటి, సత్తువ ఉన్న నీళ్లు పైకి వస్తాయని ఆయన చూపించారు. ఆ నీటికి నాచు పెరుగుతుంది, నాచు వెనక దాన్ని తినేవి పెరుగుతాయి. వానాకాలం తర్వాత సీను మారిపోతుంది. ఉత్తరాది నదుల నీళ్లన్నీ తీరం వెంబడి కిందికి జారి వస్తే సముద్రంలో ఉప్పు తగ్గుతుంది, ఉప్పు తక్కువైనా తట్టుకునేవి అప్పుడు పైచేయి అవుతాయి. అంటే విశాఖ సముద్రానికి గాలి ఒక పంచాంగం, నదులు ఒక పంచాంగం.

ఎమ్మెస్సీ సీటు వచ్చిన నెలలోనే నా పెళ్లి కుదిరింది. ఎవరూ బలవంతం చేయలేదు, అలా జరిగిపోయింది, మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు. నా రికార్డు పుస్తకాలు అమ్మ వాళ్ల అటక మీద ఉండేవి. ఇల్లు మారినప్పుడు అమ్మ వాటిని పాత పేపర్లవాడికి వేసేసింది. ఫోన్లో ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందో, నేనూ అంత మామూలుగానే "సర్లే అమ్మా" అన్నాను. ఫోన్ పెట్టాక మాత్రం చాలాసేపు గిన్నెలు తోముతూనే ఉన్నాను. నా కోపిపాడ్ బొమ్మకి మేడం "గుడ్" అని రాశారు అందులో.

ఖోర్ ఫక్కాన్ నుంచి వచ్చిన వారం నేను ఎంబ్రాయిడరీ రింగుకి పాత స్టాకింగ్ బిగించి, కొసన ఖాళీ తేనె సీసా కట్టాను. వల తయారైంది. పిల్లల ఇసుక బకెట్‌తో పది బకెట్ల నీళ్లు వడకట్టాలి, ప్రతిసారీ అవే పది, అదే రింగు. ఇది నా చాదస్తం కాదండోయ్. 1959 నుంచి 1965 దాకా హిందూ మహాసముద్రం మీద అనేక దేశాల నౌకలు కలిసి పరిశోధన చేసినప్పుడు, లెక్కలు పోల్చుకోడానికి వీలుగా అందరికీ ఒకే నమూనా వల పెట్టారు. అలా పట్టిన ప్లవకాల్ని కొచ్చిన్‌లో కూర్చుని వేరుచేశారు. నాది ఇసుక బకెట్ అయినా పద్ధతి పద్ధతే. చూసిన తర్వాత ఆ జీవుల్ని తిరిగి నీళ్లలోనే పోసేవాళ్లం, ఇంటికి ఒక్క చెంచాడు మాత్రం తెచ్చుకునేవాళ్లం. రక్షిత ప్రాంతాల జోలికి పోలేదు.

రెండు చోట్లు ఎంచుకున్నాం. ఒకటి మాకు పదిహేను నిమిషాల దూరంలో, దుబాయ్‌కీ షార్జాకీ మధ్యనున్న మమ్జార్. అది అరేబియన్ గల్ఫ్ వైపు. రెండోది కొండలు దాటాక ఒమన్ గల్ఫ్ మీదున్న ఖోర్ ఫక్కాన్. ఆ పేరుకి రెండు దవడల మధ్య ఉన్న సముద్రపు పాయ అని అర్థం చెబుతారు, మీద నుంచి చూస్తే అలాగే ఉంటుంది కూడా.

గంట దూరమే, కానీ రెండూ రెండు లోకాలు. మమ్జార్ సీసాలో ఎప్పుడు చూసినా నలుసులంత కోపిపాడ్లే. ఖోర్ ఫక్కాన్ సీసాలో పెద్దవి, పొడుగు మీసాలవి, గాజు పుల్లలా నిలువుగా ఉండి దగ్గరికొచ్చిన కోపిపాడ్‌ని గుటుక్కున పట్టేసే బాణం పురుగులు. ఎందుకో ఆలోచిస్తే పాత పాఠాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అరేబియన్ గల్ఫ్ ఒక పెద్ద పళ్లెం, సగటు లోతు 35 మీటర్లే. ఒమన్ గల్ఫ్ లోతైన చోట 3,000 మీటర్లు దాటుతుంది. పెద్ద ప్లవకాల్లో చాలావాటికి పగలు చీకటి లోతుల్లో దాక్కుని, రాత్రి మేతకి పైకి రావడం అలవాటు. పళ్లెంలో ఎక్కడ దాక్కుంటాయి? పైగా ఇటు పెద్ద నదులు కలిసేది ఎగువన ఒక్కచోటే, వానలు లేవు, ఎండకి నీరు ఆవిరైపోతుంది. మామూలు సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 40 దాటుతుంది. హార్ముజ్ జలసంధి దగ్గర తేలిక నీరు పైనుంచి లోపలికి వస్తుంది, ఉప్పెక్కి బరువైన నీరు అడుగునుంచి బయటికి పోతుంది. ఆ గుమ్మంలోంచి వచ్చే ప్రతి జీవీ ఇక్కడి వేడినీ ఉప్పునీ తట్టుకోలేదు. తట్టుకున్నవే మిగులుతాయి. గల్ఫ్‌కి వచ్చిన మనలాంటివాళ్లే అని మా వారి జోకు.

కాలం మారితే సీసా మారుతుంది. జనవరిలో మమ్జార్ నీళ్లు కాలు పెడితే జివ్వుమంటాయి. మార్చికల్లా సీసాలో పిల్ల జీవులు ఎక్కువయ్యాయి, వాటితోపాటు పారదర్శకంగా గొడుగుల్లాంటి బుల్లి జెల్లీలు కూడా. జులైలో పొద్దున్న ఐదున్నరకి వెళ్లాం, అప్పటికే నీళ్లు స్నానానికి తోడినట్టున్నాయి. ఎండాకాలంలో ఈ గల్ఫ్ దక్షిణపు అంచు నీళ్లు 35 డిగ్రీలు దాటడం మామూలే. పది బకెట్లకి సీసా అడుగు కూడా కనపడింది. అయినా మైక్రోస్కోపు కింద ఒక తల్లి కోపిపాడ్ రెండు గుడ్ల సంచుల్ని తోకకి అటూ ఇటూ తగిలించుకుని తిరుగుతోంది, సంతకి వెళ్లొస్తున్నట్టు. మా అమ్మాయి దానికి పేరు పెట్టింది. నేను వద్దనలేదు.

ఖోర్ ఫక్కాన్ వైపు చలికాలానిదే హడావుడి. చల్లగాలికి పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, అడుగునున్న పోషకాలు పైకి కలుస్తాయి. ఫిబ్రవరి, మార్చిల్లో నోక్టిల్యూకా విజృంభించేది అందుకే. చూడ్డానికి బాగుంటుంది కానీ ఇందులో ఒక చిక్కుంది. ఈ శతాబ్దం మొదలైనప్పటి నుంచీ అరేబియా సముద్రంలో చలికాలపు మేతగా ఉండాల్సిన డయాటమ్‌ల చోటుని నోక్టిల్యూకా ఆక్రమిస్తోందని పరిశోధకులు అంటున్నారు. కోపిపాడ్లకి అది అంతగా మింగుడుపడదు, జెల్లీల్లాంటి వాటికే పనికొస్తుంది. కోపిపాడ్లు తగ్గితే వాటిని తిని బతికే నెత్తళ్లు, కవ్వలు తగ్గవా? చేపల మార్కెట్‌లో నెత్తళ్లు కనపడగానే మామిడికాయ కొనేదాన్ని నేను. ఇప్పుడు వాటి పొట్టలో ఏముందోనని కూడా చూస్తున్నాను, శుభ్రం చేసే అబ్బాయి నన్ను వింతగా చూస్తాడు.

ఈ సముద్రపు నలుసులకీ మన వంటింటికీ ఇంకో లంకె ఉంది. పక్కింటి అక్క ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నా సీసాలు చూసి ఆవిడ 2008 సంగతి చెప్పింది. ఆ ఏడాది తూర్పు తీరంలో మొదలైన ఎర్రనీళ్లు హార్ముజ్ దాటి గల్ఫ్‌లోకి వచ్చి, 2009 దాకా నెలల తరబడి ఉన్నాయి. కారణం కోక్లోడీనియం అనే ఇంకో ఏకకణ జీవి. టన్నులకొద్దీ చేపలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అన్నిటికన్నా పెద్ద భయం, సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లలో కొన్నిటిని ఆపాల్సి రావడం. ఆ జిగురుకి ఫిల్టర్లు మూసుకుపోతాయి. మనం ఇక్కడ బియ్యం కడిగే నీళ్లు, పిల్లల బాటిల్లో నీళ్లు, చాలావరకు సముద్రంలోంచి వచ్చినవే. ఆ రోజుల్లో ఐదు గ్యాలన్ల వాటర్ క్యాన్లు వరసగా పేర్చుకున్నామని అక్క చెబుతుంటే నేను కుళాయి కట్టేశాను, అప్రయత్నంగా.

భయపడే కథలే కాదు లెండి. ప్రతి ఎండాకాలం కతార్ దగ్గర అల్ షహీన్ చమురు క్షేత్రం చుట్టూ ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, వేల్ షార్క్, గుంపులుగా చేరుతుంది. దేనికనుకున్నారు? ట్యూనా చేపలు వదిలిన గుడ్లు తాగడానికి. బస్సంత చేప, ఆవగింజంత గుడ్లు. మా అమ్మాయి క్లాసులో ఇది చెప్పింది, టీచర్ ఎక్కడ చదివావని అడిగితే "మా అమ్మ చెప్పింది" అన్నదట.

ఈ ఫిబ్రవరిలో అవే నాలుగు కుటుంబాలం మళ్లీ ఖోర్ ఫక్కాన్ వెళ్లాం. సొరంగాల్లో పందెం, చాయ్, పులిహోర అన్నీ షరా మామూలే. నీళ్లు మాత్రం నీలంగా ఉన్నాయి. పచ్చదనం జాడ లేదు. పిల్లలు రాత్రి వెలుగు కోసం టార్చిలైట్లు ఆర్పి గంటసేపు కాచుకుని, నిద్రమొహాలతో తిరిగొచ్చారు. గాలి ఎటు వీచిందో, నీళ్లు ఎప్పుడు కలిశాయో, నా పది బకెట్లకి అంత తెలియదు. సీసాలో బాణం పురుగులున్నాయి, ఒక పీత పిల్ల ఉంది, ముక్కు మీద పొడుగాటి ముల్లుతో. కొత్త నోటుబుక్కులో దాని బొమ్మ వేశాను, తేదీ, చోటు, పది బకెట్లు. కింద మా అమ్మాయి ఎర్ర పెన్నుతో "గుడ్" అని రాసింది. పాత రికార్డు సంగతి దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

సామాన్లు కారులో పెడుతుంటే, డ్రైనేజీ అన్న అక్క దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది: "ఆ ఎంబ్రాయిడరీ రింగు ఎన్ని అంగుళాలది తీసుకోవాలే?"

ఎనిమిది అని చెప్పాను.