లాగ్‌లో సీనియర్, బిల్లులో కాదు

భోగి ముందు రాత్రి పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కోవడం ఎలా ఉంటుందో విజయవాడ హైవే మీద సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లకి చెప్పక్కర్లేదు. బస్సు కదలదు. ఏసీ కాసేపు వణికిస్తుంది, కాసేపు ఉక్కపోయిస్తుంది. నా ఒళ్లో లాప్‌టాప్. ఆ రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ నాదే. మాది బస్సు టికెట్లు అమ్మే సైటు కాబట్టి పండగ రాత్రి సెలవు పేరుకే.

ఫిర్యాదు ఇదీ: అరవై నిండినవాళ్లకి ఇచ్చే రాయితీ పడటం లేదు. అందరికీ కాదు. ఫోన్ యాప్‌లో కొన్నవాళ్లకి పడుతోంది, వెబ్‌సైట్లో కొన్నవాళ్లకి పడటం లేదు. కస్టమర్ కేర్ వాళ్లు పంపిన రికార్డింగ్ ఒకటి విన్నాను. ఆ పెద్దాయన కోప్పడలేదు. "నా వయసు నేనే తప్పు కొట్టానేమో చూడమ్మా" అన్నారు. తిట్టినా ఇంకాస్త తేలిగ్గా ఉండేది.

ఛార్జీ లెక్క ఒక స్విచ్‌లో ఉంది. మామూలుగా స్విచ్ బ్రాకెట్లో ఒక వేరియబుల్ పెట్టి, కింద కేసుల్లో దాని విలువలు రాస్తాం. ఇక్కడ బ్రాకెట్లో ట్రూ అని పెట్టి, ఒక్కో కేసులో ఒక్కో ఫంక్షన్‌ని పిలిచారు. చిన్నపిల్లా? సీనియరా? గ్రూపు టికెట్టా? ఏది ట్రూ అంటే ఆ ఛార్జీ. ఏదీ అనకపోతే డిఫాల్ట్, అంటే పూర్తి ఛార్జీ. జావాస్క్రిప్ట్ పైనుంచి కిందికి కేసుల్ని చూసుకుంటూ వచ్చి, మొదట కలిసినదాని దగ్గర ఆగుతుంది. ఆ కింది ఫంక్షన్లని అసలు పిలవదు. చాంతాడంత ఇఫ్-ఎల్స్ కంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని చాలామంది ఇలా రాస్తారు. రాయకూడదనేమీ లేదు.

మమ్మల్ని తిప్పలు పెట్టింది లాగ్. వెబ్‌సైట్లో పెద్దవాళ్లు కొన్న టికెట్ ఏది తీసినా ఒక వరసలో "సీనియర్: అవును" అని ఉంది, దాని కింది వరసలోనే "ఛార్జీ: పూర్తి" అని ఉంది. అవునని తేలాక పూర్తి ఛార్జీ ఎందుకు పడుతుంది? పేమెంట్ పేజీని అనుమానించాం. క్యాష్ తుడిచాం. సర్వర్లని ఒక్కోటే ఆపి మళ్లీ లేపాం. ఏం చేసినా అదే వరస, దాని కింద అదే వరస.

ఈలోగా ఆఫీసులో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, కార్డు నంబర్ని సర్వర్లో సరిచూసేలా మార్చి లైవ్‌లో పెట్టేశాను." అదేమిటని అడిగేలోపే సిగ్నల్ పోయింది. మళ్లీ వచ్చేసరికి యాప్‌లో కూడా రాయితీ పోయింది. వాణ్ని ఏమీ అనను. పండగ రాత్రి ఒక్కణ్నే కూర్చోబెట్టినవాళ్లని అనాలి.

అయితే ఆ మార్పే మాకు దారి చూపించింది. కొత్త లాగ్‌లో ఏడేళ్ల పాప టికెట్ ఎదురుగా కూడా "సీనియర్: అవును" అని పడింది! వాడు సీనియరా అని చూసే ఫంక్షన్‌ని అసింక్ చేశాడు. అసింక్ ఫంక్షన్ జవాబు ఇవ్వదు, ముందు ప్రామిస్ అనే ఆబ్జెక్ట్‌ని చేతిలో పెడుతుంది. లాగ్ రాసే ముక్క స్విచ్‌కి పైన, విడిగా, ఇఫ్‌తో ఉంది. ఇఫ్‌కి ఏ ఆబ్జెక్ట్ అయినా అవునే, అందుకని పాప కూడా సీనియరైంది. స్విచ్ అలా కాదు. మూడు ఈక్వల్స్‌తో పోల్చినట్టే పోలుస్తుంది. ట్రూ అంటే అచ్చంగా ట్రూనే కావాలి, ట్రూలాంటిది పనికిరాదు. 1999లో ఎక్మాస్క్రిప్ట్ మూడో కూర్పుతో స్విచ్, మూడు ఈక్వల్స్ రెండూ ప్రమాణంలోకి వచ్చాయి. అప్పటినుంచీ నియమం ఇదే.

అక్కడినుంచి పాత కోడ్ దగ్గరికి వెళ్లాను. వయసు అరవై, ఆపైన ఉండాలి. మధ్యలో రెండు యాంపర్‌సాండ్లు. తర్వాత గుర్తింపు కార్డు. చదవడానికి నిక్షేపంలా ఉంది. కానీ జావాస్క్రిప్ట్‌లో ఆ రెండు యాంపర్‌సాండ్లు అవును-కాదు అని తేల్చి చెప్పవు. ఎడమవైపుది నెగ్గితే కుడివైపు ఏముంటే అది అలాగే తిరిగి ఇచ్చేస్తాయి. యాప్ నుంచి కార్డు ఉందన్న టిక్ మాత్రమే వస్తుంది, అది ట్రూ. వెబ్‌సైట్ నుంచి కార్డు నంబరే వస్తుంది. ఇఫ్ ఆ నంబర్ని చూసి అవునంది. స్విచ్ అదే నంబర్ని ట్రూతో పోల్చి, కాదని డిఫాల్ట్‌కి పంపేసింది. కార్డు నంబరు ఓపిగ్గా కొట్టిన పెద్దవాళ్లకే పూర్తి ఛార్జీ పడింది. టెస్టులన్నీ పాసయ్యాయంటే కారణం, వాటిలో కార్డు దగ్గర ట్రూ అనే రాసి పెట్టుకున్నారు.

అసింక్ మార్పుని వెనక్కి తీయించి, ఆ లైన్ మొత్తాన్ని బూలియన్ ఫంక్షన్‌లో చుట్టమని కుర్రాడికి ఫోన్లోనే అక్షరం అక్షరం చెప్పాను. బ్రాకెట్లు సరిగ్గా మూశాడో లేదో రెండుసార్లు చదివించుకున్నాను. పక్క సీటాయన నిద్ర చెడి విసుక్కున్నాడు. పాపం, ఆయన తప్పేముంది. లాగ్‌లో "ఛార్జీ: రాయితీ" అని పడేసరికి నకిరేకల్ దాటాం.

పండగ అయ్యాక ఆ స్విచ్‌ని తీసేసి మామూలు ఇఫ్-ఎల్స్ రాశాను. అందంగా లేదని ఒకరిద్దరు అన్నారు. ఎక్కువ కట్టినవాళ్లకి తేడా సొమ్ము తిరిగి వేశారు. ఆ రాత్రే టికెట్ రద్దు చేసుకుని వేరేచోట కొనుక్కున్నవాళ్ల రద్దు ఛార్జీ మాత్రం వాళ్లు ఇష్టపడి రద్దు చేసుకున్నారు కనక ఇవ్వనక్కర్లేదని అకౌంట్స్ వాళ్లు కూర్చున్నారు. నేను లాగ్ ప్రింట్లు పట్టుకుని వాళ్ల చుట్టూ తిరిగాను. కొందరికి ఇచ్చారు, కొందరికి ఎగ్గొట్టారు.