ట్రంకుపెట్టెలో పఫ్

సోమలలో నాలుగు వానలు పడితే చాలు, బడి దారికి రెండువైపులా వయ్యారిభామ తెల్లగా పూస్తుంది. 1950లలో పుణె దగ్గర కంటబడిన పరదేశీ మొక్క. దాని పుప్పొడికి మా చిన్నదాని ముక్కే దొరికింది. పగలు తుమ్ములు, రాత్రి ఛాతీలో పిల్లికూతలు.

పోయిన జుమేరాత్, మగ్రిబ్ తర్వాత అమ్మీ ఎప్పట్లాగే లోబాన్ వేసింది. పొగ గది దాటకముందే పిల్లకు ఆయాసం ఎక్కింది. పఫ్ కోసం గూట్లో చెయ్యి పెడితే లేదు. దిండ్లు, బీరువా, కుట్టుమిషను డబ్బా... చివరికి అమ్మీ ట్రంకుపెట్టెలో, దుప్పట్ల అడుగున దొరికింది. పుంగనూరు ఖాలా వస్తానని ఫోన్ చేసిందని దాచిందట.

"ఆడపిల్ల. దమ్మా ఉందని తెలిస్తే రేపు రిష్తా ఎవరు తెస్తారే? గోలీ అయితే ఎవరికీ కనబడదు కదా."

దుఆతో పాటు దవా కూడా చెయ్యాలని మాకు నేర్పింది ఈ అమ్మీనే. కోపం వచ్చింది గానీ, పిల్ల ఊపిరి కుదుటపడేదాకా నోరు విప్పలేదు. సాల్బుటమాల్ గోలీలో మందు 4 మిల్లీగ్రాములు, ఒళ్లంతా తిరిగి గుండెదడ తెస్తుంది. పఫ్‌లో 100 మైక్రోగ్రాములు, నేరుగా ఊపిరితిత్తులకే. ఒక్క గోలీ అంటే 40 పఫ్‌ల మందమ్మీ, అన్నాను. ఆమె ఏమీ అనలేదు.

ఈ జుమేరాత్ లోబాన్ పెరట్లో వెలిగింది. ఖాలా ముందే పిల్లకు పఫ్ ఇచ్చాను. అమ్మీ అడ్డుపడలేదు. ఖాలా కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మా మనవరాలికీ ఇంతే. మదనపల్లెలో ఆ డాక్టరు ఏ వీధిలో ఉంటాడు?"