కదిలితే లైను పోతుందా?

అనకాపల్లి అంటే బెల్లం మార్కెట్టు, నూకాలమ్మ గుడి, పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ. 2020లో కరోనా వచ్చినప్పటి నుంచి మరో బాపతు మనుషులు కూడా కనిపిస్తున్నారు. హైదరాబాదు, బెంగుళూరు ఉద్యోగాలను ల్యాప్‌టాప్‌లో పెట్టుకొని ఊరొచ్చేవారు.

ఆ మధ్య అటువంటి కుర్రవాడొకడు కుంటుతూ నా దగ్గరకొచ్చాడు. హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సులో సెల్‌ఫోను హాట్‌స్పాట్ పెట్టుకొని పనిచేశాడట. ఇంటికొచ్చాక సిగ్నల్ అందే చోటు మేడమెట్ల మలుపొక్కటే. రెండు రోజులూ అక్కడే. "కదిలితే లైను పోతుందండీ" అన్నాడు. ఎడమ పిక్క వాచి వేడిగా ఉంది. అమ్మమ్మగారు నువ్వులనూనెతో మర్దన కూడా చేశారు! స్కానింగులో లోపలి సిరలో రక్తం గడ్డ కనిపించింది. అది ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. మందులతో గట్టెక్కాడు.

కంగారుపడకండి, ఇది అరుదే. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందనీ, అయినా 6,000 మందిలో ఒకరికే వస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది.

బయలుదేరే ముందే ఫైళ్ళు దించుకోండి. ఏయే గంటల్లో లైను అందదో ఆఫీసుకు చెప్పేయండి. గంటకోసారి లేవండి. బస్సులో వీలుకాకపోతే మడమలు ఎత్తి దించుతూ ఉండండి. నీళ్ళు మానకండి. (మన బస్టాండు మరుగుదొడ్లు చూసి ఆడవాళ్ళు మానేస్తే తప్పుపట్టలేను.)

ఒక కాలే వాస్తే మర్దన చేయక ఆసుపత్రికి రండి. ఆయాసం, ఛాతీనొప్పి కూడా ఉంటే మీటింగు వదిలేసి 108కి ఫోను చేయండి.