జల్‌పల్లిలో నెత్తుటి చుక్క

చాంద్రాయణగుట్ట దాటి, నైజాము ప్రభువుల అరబ్బు సిపాయీలకు బసగా వెలసిన బార్కస్ మీదుగా, పహాడీ షరీఫ్ త్రోవను జల్‌పల్లి చేరితిని. 2025 తొలి మాసములవి. హెచ్‌ఐవి నివారణ కార్యక్రమము ఎట్లు సాగుచున్నదో చూచి వ్రాయుడని సంపాదకులు పంపిరి గాని, ఆ మధ్యాహ్నమంతయు నా చూపు ఒక్క స్త్రీ చేతులను విడువలేదు.

రేకుల యింటి ముందరి గదిలో చాపపై కూర్చున్న ఆమె హిజ్రా. తనవారి నడుమ తిరుగుచు పరీక్షలు చేయించు కార్యకర్త. ఎదుటనున్న పిల్ల చేతిని ఎడమచేత పట్టుకొని, కుడిచేత ఆ వ్రేలిని స్పిరిటు దూదితో తుడిచి, తడి ఆరువరకు ఆగి, సూది గ్రుచ్చి, మొదటి చుక్కను తుడిచివైచి, రెండవ చుక్కను సన్నని గొట్టముతో పీల్చి కిట్టులో విడిచి, దానిపై ద్రావకము వేసి, గడియారము చూచుకొనెను. ఫలితము తేలువరకు ఆ పట్టు సడలలేదు. గీతలు రెండు పడినను అది కడపటి మాట కాదనియు, ప్రభుత్వ పరీక్షా కేంద్రమగు ఐసీటీసీలో మూడు వేర్వేరు పరీక్షలు చేసిన పిమ్మటనే నిర్ధారింతురనియు ఆమె మెల్లగా చెప్పుచుండెను.

సూదికి బెదరని ఆ పిల్ల రిజిస్టరు తెరవగానే బెదరినది. "ఏం పేరు రాస్తవక్కా?" "నువ్వు ఏ పేరు చెప్తే అదే, బిడ్డా."

ఈ బెదురునకు చరిత్ర కలదు. ఫసలీ 1329, అనగా 1919 నాటి హైదరాబాదు శాసనము హిజ్రాల పేర్లను పట్టికలకెక్కించి, స్త్రీవేషమున వీథిలో కనబడినవారిని వారంటు లేకయే నిర్బంధించు అధికారము నొసగెను. దానిని తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది 2023లో! సమ్మతి లేనిదే పరీక్ష చేయరాదనియు, ఫలితము బయటపెట్టరాదనియు 2017లో చేసిన చట్టము 2018 సెప్టెంబరు నుండి అమలులో నున్నది గాని, నూరేండ్ల భయమును తుడుచుటకు గెజిట్టు ప్రకటన యొక్కటియే చాలునా?

గడపకడ నిలిచిన మరొకతె, తాను వెళ్లిన ఒక దవాఖానను తలచుకొని గొణిగినది: "మగోళ్ల లైన్ల నిలబడితే నవ్వుతరు, ఆడోళ్ల లైన్ల నిలబడితే ఎల్లగొడతరు. మందు ఉత్తగనే ఇస్తరు, కని మా లైను యాడుంది?" ఈ ప్రశ్న నన్నింకను వదలలేదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము హెచ్‌ఐవిని అణచు ఏఆర్‌టీ మందులు ఉచితముగా నిచ్చుచున్నది. దినమునకొక మాత్ర తప్పక వేసికొని, నెత్తుట వైరసు పరీక్షకందనంతగా తగ్గి నిలిచినచో, సంభోగమువలన అది యితరులకు సోకదు. ఇంతటి వైద్యము చేరువలో నుండియు, 2021లో వయోజనులలో నూటికి సుమారు 0.2గా అంచనా వేయబడిన హెచ్‌ఐవి వ్యాప్తి, ఆ యేటి జాతీయ నిఘా సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండరు వర్గములలో సుమారు 3.8గా తేలినదనగా, మందునకును మనిషికిని నడుమ ఎంత గోడ నిలిచియున్నదో ఊహింపవచ్చును.

ఆ గోడకు ద్వారము తెరచిన మిత్ర్ క్లినిక్ 2021లో నారాయణగూడలో వెలసినది. దేశమున ట్రాన్స్‌జెండరు వ్యక్తుల కొరకు, వారిచేతనే నడుపబడిన తొలి సమగ్ర వైద్యశాలగా అది పేరుగాంచెను. ఆ ఆశ్రయము, అమెరికా సహాయధనము నిలిచిన 2025 జనవరిలో మూతవడెను. వాషింగ్టనులో నొక సంతకము పడగా జల్‌పల్లి పిల్లకు వైద్యుడు దూరమగుట నాకు దుస్సహముగా నున్నది. మన పౌరుల ఆరోగ్యమును పరదేశపు దయకు విడిచిపెట్టిన అపరాధము మనదే.

పిల్ల కిట్టుపై ఒక్క గీతయే నిలిచినది. కాని గడపకడ గొణిగినదాని వంతు వచ్చునప్పటికి రెండు గీతలు తేలెను. కార్యకర్త అందరిని బయటికి పంపి, తలుపు చేరవేసి, చాలసేపు మాటలాడెను. మరునాడు ఉస్మానియా దవాఖానకు తానే తోడుగా పోవుటకు నిశ్చయమైనది. ఆటో కిరాయి ఎవరిత్తురని అడిగితిని. "ఎవరిస్తరు సార్? జీతమే ఆగింది. నేనే పెట్టుకుంట" అనెను. వెలగల మందులు కొని అరలు నింపగల ఖజానాకు ఈ కిరాయియు, ఈమె జీతమును భారమగునని నేను నమ్మజాలను.