అటూ ఇటూ చూసి చెప్పిన మాట

“బేటా, ఇది అఖ్బార్‌లో రాయడానికి కాదు” అని చాచా అన్నప్పుడు నా చేతిలో పెన్ను మూత తీసే ఉంది.

నందిగామలో గ్రౌండ్ పక్కన టీ బండి దగ్గర నిలబడ్డాం. ఆయన ఒకసారి రోడ్డు వైపు చూశారు, ఒకసారి గ్రౌండ్ వైపు చూశారు, గొంతు తగ్గించారు. పదహారేళ్ల లోపు పిల్లల సెలక్షన్‌లో ఇద్దరికి పుట్టిన తేదీ మార్చిన సర్టిఫికెట్లు పెట్టారట. నిజంగా ఆ వయసున్న పిల్లాడొకడు బయటే ఉండిపోయాడు. వాళ్ల నాన్న పత్తి చేలో కూలీ.

అప్పుడు నేను వీరులపాడు నుంచి ఒక పేపర్‌కి కంట్రిబ్యూటర్‌ని. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నాం గానీ అప్పట్లో మాది కృష్ణా జిల్లానే. వార్త ఎంత పొడవు పడితే అంత డబ్బు. ఆటల పేజీలో మా వైపు పేరు కనిపించడమే పెద్ద ఖుషీ.

రాసేశాను. చాచా పేరు రాయలేదు, వాదా నిలబెట్టుకున్నాననే అనుకున్నాను. “ఇరవై ఏళ్లుగా అంపైరింగ్ చేస్తున్న ఒక పెద్దమనిషి” అని మాత్రం పెట్టాను. వార్తకి వజన్ రావాలి కదా అని!

తర్వాతి సీజన్‌లో ఆయన్ని ఒక్క మ్యాచ్‌కీ పిలవలేదు.

మా అబ్బా ఒక హదీసు మాట తరచూ గుర్తు చేసేవారు. ఎవరైనా నీకో సంగతి చెప్పి అటూ ఇటూ చూశాడంటే అది నీ దగ్గర అమానత్ అని. “ఎవరికీ చెప్పకు” అని నోటితో అనక్కర్లేదు, ఆ చూపే చాలు. చాచా చూశారు, పైగా నోటితోనూ అన్నారు.

2000లో మన ఇళ్లలో ఎంత బాధపడ్డామో మీకు గుర్తుండే ఉంటుంది. మనోజ్ ప్రభాకర్ రహస్య కెమెరా పెట్టుకుని తోటి క్రికెట్ వాళ్లతో మాట్లాడాడు, తెహల్కా దాన్ని బయటపెట్టింది. దోస్తుతో మాట్లాడుతున్నామనుకుని చెప్పినవి, ఎదుట లేనివాళ్ల గురించి అన్నవి అన్నీ దేశం ముందు పడ్డాయి. ఆ డిసెంబర్‌లో మన అజహర్ మీద జీవితకాల నిషేధం పడింది. 99 టెస్టుల దగ్గరే ఆట ఆగిపోయింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి పన్నెండేళ్లు.

ఆ కెమెరా పని గలత్ అని అప్పట్లో నేనే గట్టిగా వాదించేవాణ్ణి. ఫిక్సింగ్ బయటపడాల్సిందే, అందులో షక్ లేదు. కానీ నమ్మి నోరు విప్పినవాణ్ణి అమ్మేసి బయటపెట్టడమా? అలా అడిగిన నేనే, కెమెరా లేకుండా ఆ పని చేశాను.

ఆ రోజు అడగాల్సింది ఒక్కటే. “చాచా, మీ పేరు రాయొద్దంటారా, అసలు సంగతే రాయొద్దంటారా?” రెండూ వేరు. పేరు వద్దంటే, ఆయన్ని పట్టిచ్చే ఆనవాళ్లు కూడా రాకూడదు. సంగతే వద్దంటే, విన్నది మనసులో ఉంచుకుని వేరే గవాహీ వెతకాలి. బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. బయట ఉండిపోయిన పిల్లాడి నాన్న ఉన్నాడు, ఆయన పేరు పెట్టి మాట్లాడటానికి సిద్ధంగానే ఉన్నాడని తర్వాత తెలిసింది. నేను రెండు రోజులు తిరగాల్సి వచ్చేది, అంతే. ఆ బద్ధకమే చాచా అంపైరింగ్‌ని తినేసింది. ఈ షరతులు కూడా మాట మొదలవకముందే తేల్చుకోవాలి. అంతా విన్నాక “ఇది రాసుకోవచ్చా?” అంటే అవతలివాళ్లు మొహమాటపడతారు.

ఆ ఏడాది ఈద్‌కీ చాచా ఇంటి నుంచి షీర్ ఖుర్మా వచ్చింది, ఎప్పటిలాగే. “తినవేంరా?” అంది అమ్మీ. గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రం వెళ్లాను. సలాం చేసి, “మీ పేరు రాయలేదు చాచా” అన్నాను. మాఫీ అడుగుదామని వెళ్లి, నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

ఆయన నవ్వారు. “రాయలేదు, నిజమే. మరి మన వైపు ఇరవై ఏళ్ల అంపైర్లు ఎంతమంది ఉన్నారు బేటా?”

లోపలికి కేకేసి నాకు చాయ్ తెమ్మన్నారు.